లెక్కలోకి రాని కుట్లు

"కూర్చో అమ్మా" అన్నాను. ఆమె కూర్చోలేదు.

పెదబయలు మండలంలో ఒక కోందు పల్లె. 2023 చలికాలం. కొండవాలంతా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. అరుగు మీద నేనూ, ఆశా కార్యకర్తా, ఇద్దరు ముసలమ్మలూ కూర్చున్నాం. ఆమె మాత్రం రాటకి ఆనుకుని నిలబడే ఉంది. చంకలో రెండు నెలల బిడ్డ. బిడ్డ ఏడిస్తే నిలబడే పాలిచ్చింది.

నేను వెళ్ళింది ఆమె కోసం కాదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో కావిళ్ళతో, తట్టలతో సంతలకి నడిచిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు సేకరించుకుందామని వెళ్ళాను. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పాత అలవాటు పోలేదు. ముసలమ్మలు పిప్పళ్ళ గురించీ, అడ్డాకుల గురించీ చెబుతున్నారు. నా కళ్ళు మాత్రం రాట దగ్గరికే పోతున్నాయి.

"ఆమె ఎందుకు కూర్చోదు?" అని అడిగాను. ఆశా కార్యకర్త పక్కన మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసుకుని గొంతు తగ్గించింది. "కింద కుట్లు పడ్డాయి మేడమ్. విడిపోయాయి."

కొండ దిగి వెళ్ళి ఒక ఆసుపత్రిలో కన్నదట. కోశారా, చిరిగిందా అని అడిగాను. తెలీదంది. ఎన్ని కుట్లు? తెలీదు. మళ్ళీ రమ్మన్నారా? ఏమో. ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చూపించింది. అందులో డిశ్చార్జి కాగితం. బిడ్డ బరువుంది, తల్లి రక్తం గ్రూపుంది, ఇనుము మాత్రలు ఎన్ని ఇచ్చారో ఉంది. ఆమెని రెండు నెలలుగా కూర్చోనివ్వని గాయం గురించి ఒక్క అక్షరం లేదు.

చరిత్రకారులకి కాగితం మీద ఉన్నదాన్ని చదవడం నేర్పుతారు. లేనిదాన్ని చదవడం మనకి మనమే నేర్చుకోవాలి. ఆ రోజు నుంచి నేను ఆ లేని వాక్యం వెనకే తిరుగుతున్నాను.

*

ముందు నా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే పక్కవాళ్ళ ఒంటి గురించి రాసే హక్కు నాకెక్కడిది?

1984లో, కోస్తాలో ఒక పట్నంలో, ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నా మొదటి కాన్పు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టేశారు. నొప్పుల మధ్యలో కత్తెర చప్పుడు వినిపించింది. గుడ్డ కత్తిరించినప్పుడు వచ్చే చప్పుడే. దేనికని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కుడుతున్నప్పుడు అరిస్తే "నాలుగు కుట్లే కదమ్మా, బిడ్డని కన్నదానివి ఇది ఓర్చుకోలేవా" అన్నారు. మత్తు సూది పనిచెయ్యడానికి కాసేపు ఆగాలని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక పత్యం. మంచినీళ్ళు గుక్కెడే, కూర లేదు, ఆకు లేదు, కారప్పొడీ అన్నమూ. వారం తిరిగేసరికి మలబద్ధకం. బాత్రూములో గోడ పట్టుకుని ఏడ్చాను. బయట నుంచి అమ్మ "అమ్మడూ, ముక్కకు, కుట్లు తెగుతాయి" అంటోంది. నీళ్ళు తాగనివ్వని చేత్తోనే తలుపు నిమురుతోంది. ఆమె ప్రేమలో అనుమానం లేదు. ఆమెకి తెలిసిన శాస్త్రం అంతే.

అమ్మకి ఆరు కాన్పులూ ఇంట్లోనే. డెబ్బై దాటాక ఒక మధ్యాహ్నం చెప్పింది. రెండో కాన్పులో బాగా చిరిగిందట. మంత్రసాని నూనె గుడ్డ పెట్టి కాళ్ళు దగ్గరగా పెట్టి పడుకోమందట. కుట్టినవాళ్ళు లేరు. అప్పటి నుంచీ గాలి ఆగేది కాదు, విరేచనమైతే పరుగే. పెళ్ళిళ్ళకి రాదనీ, సినిమాకి రాదనీ, నలుగురిలో నవ్వదనీ మేమంతా అమ్మని గంభీరమైన మనిషి అనుకున్నాం. "నవ్వితే భయమే" అంది. నలభై ఏళ్ళు మా అమ్మ స్వభావం అనుకున్నది ఆమె గాయం.

అందుకే, ఆసుపత్రి చెడ్డది, ఇంటి కాన్పు మంచిది అనే సులువైన మాట నేను చెప్పలేను. అమ్మకి ఎవరూ కుట్టలేదు. నాకు అడక్కుండా కోసి కుట్టారు. ఇద్దరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే మా ఇంటి ఆడవాళ్ళ వారసత్వం.

*

చెప్పినవాళ్ళు చరిత్రలో లేకపోలేదు. వెతికితే 12వ శతాబ్దంలో, ఇటలీ దక్షిణాన సలెర్నో అనే ఊళ్ళో దొరుకుతుంది ఒకావిడ. పేరు ట్రోటా. స్త్రీల వైద్యం గురించి ఆమె పేరుతో ముడిపడిన గ్రంథంలో ఈ గాయం ఉంది. కాన్పులో యోనికీ మలద్వారానికీ మధ్య జాగా చిరిగి రెండూ ఒకటైపోతే, పట్టుదారంతో మూడు నాలుగు చోట్ల కుట్టాలని ఉంది. అంతటితో ఆగలేదు. ఆ తర్వాత ఎనిమిది తొమ్మిది రోజులు ఆమెని మంచం మీదే ఉంచాలి, దగ్గు రానివ్వకూడదు, అరగని తిండి పెట్టకూడదు అని కూడా ఉంది. అంటే దారంతో పని అయిపోదనీ, కుట్టు మానేదాకా ఆ మనిషిని చూసుకోవాలనీ ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఒకరు రాసిపెట్టారు.

ఆ పుస్తకానికేమైందో కూడా మనకి తెలియాలి. అచ్చు యంత్రం వచ్చాక, 1566 నాటి ఒక ముద్రణలో సంపాదకుడు దాని కర్తగా ఒక మగవాడి పేరు పెట్టాడు. స్త్రీ ఇంత తెలిసి రాయగలదా అన్న అనుమానం తర్వాత కూడా చాలాకాలం నడిచింది. ట్రోటా అనే వైద్యురాలు నిజంగానే ఉండేదని నిలబెట్టడానికి 20వ శతాబ్దపు పరిశోధకులు రాతప్రతులు వెతకాల్సి వచ్చింది. కుట్టిన చెయ్యి ఆడది, పేరు మగది. మనకి కొత్త కథేం కాదు.

కుట్టడం తర్వాత కొయ్యడం వచ్చింది. 1742లో డబ్లిన్‌లో ఫీల్డింగ్ ఔల్డ్ అనే వైద్యుడు, బిడ్డ తల బయటికి రాక ఆగిపోయినప్పుడు కింద చిన్న గాటు పెట్టవచ్చని రాశాడు. ఎప్పుడో, అవసరమైతే. ఆ "అవసరమైతే" అన్నమాట ఎగిరిపోవడానికి ఇంకో 178 ఏళ్ళు పట్టింది. 1920లో షికాగోలో జోసెఫ్ డిలీ అనే ప్రసిద్ధ వైద్యుడు కాన్పు అనేదే ఒక రోగం లాంటిదన్నాడు. స్త్రీ కొట్టంపార మీద పడి చీరుకుపోయినట్టని పోల్చాడు. కాబట్టి ముందే మత్తిచ్చి, ముందే కోసి, పటకారుతో బిడ్డని తీసి, మళ్ళీ చక్కగా కుట్టాలన్నాడు. చిరగకుండా ఉండాలంటే ముందే చించాలన్నమాట. వైద్యశాస్త్రం చాలాకాలం దాన్ని నమ్మింది. పాఠ్యపుస్తకాల మీదుగా, కాలేజీల మీదుగా ఆ కత్తెర ప్రపంచమంతా తిరిగింది. 1984లో నా దగ్గరికీ వచ్చింది.

దీనికీ ముందు ఇంకో అధ్యాయం ఉంది. కాన్పు గాయాలని కుట్టడం ఆధునిక వైద్యం ఎవరి ఒంటి మీద నేర్చుకుందో చెప్పే అధ్యాయం. 1845 నుంచి 1849 దాకా అమెరికాలో అలబామా రాష్ట్రంలో మారియన్ సిమ్స్ అనే డాక్టరు, బానిస స్త్రీల మీద పదే పదే ఆపరేషన్లు చేశాడు. కష్టకాన్పులో మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడి మూత్రం కారుతూ ఉండే ఫిస్టులా వాళ్ళ జబ్బు. మత్తు లేదు. ఈథర్ మత్తు 1846లోనే వెలుగులోకి వచ్చినా ఆయన వాళ్ళకి ఇవ్వలేదు. ముగ్గురి పేర్లు మనకి తెలుసు: అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కా ఒక్కదాని మీదే 30 సార్లు దాకా చేశాడంటారు. వాళ్ళ అనుమతి అనే మాటకి అర్థం లేదు, ఎందుకంటే వాళ్ళ ఒళ్ళు చట్టప్రకారం యజమానిది. ఆయనకి న్యూయార్కులో విగ్రహం పెట్టారు. 2018లో దాన్ని తీసేశారు. 2021లో ఆ ముగ్గురు స్త్రీలకీ మాంట్‌గోమరీలో స్మారకం వెలిసింది. 170 ఏళ్ళు పట్టింది, గాయపడినవాళ్ళ పేరు రాయడానికి.

*

మరి మన దగ్గర?

1883లో డాక్టర్ అన్నా శారా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీలకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. 1885లో డఫరిన్ నిధి మొదలయ్యాక ఘోషా స్త్రీల కోసం దేశమంతా ఆసుపత్రులు వచ్చాయి. విశాఖ పాతబస్తీలో విక్టోరియా పేరుతో ఉన్న ఆసుపత్రిని మావాళ్ళు ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. 1923లో విశాఖలో మెడికల్ కాలేజీ వచ్చింది. ఇవన్నీ సముద్రం వైపు. ఘాటీ ఎక్కితే ఏముంది?

1839 నాటి చట్టంతోనే ఈ కొండలని మామూలు పరిపాలన నుంచి విడదీసి ఏజెన్సీ అన్నారు. ఆ కాలపు రాతలు తిరగేస్తే పితూరీలు, ముఠాదార్లు, అడవి, జ్వరం. తెల్ల దొరలకి ఇక్కడి చలిజ్వరమంటే చావు భయం. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు నా బల్ల మీద ఎన్నేళ్ళుగానో ఉంది. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలూ ఉన్నాయి. ఆయన కొలబద్ద పట్టుకుని మనుషుల తలలు కొలిచాడు, ముక్కుల పొడవూ వెడల్పూ కొలిచాడు. పురుడొస్తే ఏ కులంలో ఎన్నాళ్ళు అంటు, ఏ తెగలో ఏ పేరు పెడతారు అన్నీ రాసుకున్నాడు. కన్న మనిషి మళ్ళీ ఎప్పుడు నడిచింది, ఎప్పుడు కూర్చుంది, నీళ్ళకుండ ఎప్పుడు ఎత్తింది అన్నవి నేను వెతికాను. నాకు దొరకలేదు. ముక్కులకి అంకెలున్నాయి, గాయాలకి లేవు.

మైదానంలో మాత్రం ఇంకో రకం రాత మొదలైంది. కాన్పులో జరిగే ప్రతి కీడుకీ మంత్రసానినే దోషిని చేసే రాత. 1927లో కేథరిన్ మేయో రాసిన 'మదర్ ఇండియా'లో ఆ దూషణ పతాకస్థాయిలో ఉంది. మంత్రసాని చేతులు మురికివే కావచ్చు. కానీ ఆమెకి సబ్బూ, దారమూ, శిక్షణా ఇవ్వనివాళ్ళ చేతుల సంగతి ఎవరు రాశారు?

మన భాషలో రాయడానికి మన ఆడవాళ్ళే పూనుకోవాల్సి వచ్చింది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ తెలుగులో ప్రసూతి గురించీ శిశుపోషణ గురించీ పుస్తకం రాశారు. 1990ల మొదట్లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. మా ఇంట్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చేతులు మారింది. ఒంటి భాగాలకి పేర్లు పెట్టి మాట్లాడుకోవచ్చని నా తరం నేర్చుకున్నది అక్కడే. ఆ పుస్తకాలేవీ ఘాటీ ఎక్కలేదని పెదబయలులో గుర్తొచ్చింది.

*

ఇంతలో ఆ కత్తెర మీద నమ్మకం ఎక్కడ పుట్టిందో అక్కడే సడలింది. అందుకు కారణం ఎక్కువగా ఆడవాళ్ళే. 1981లో ఇంగ్లండులో షీలా కిట్జింగర్ ఆ గాటు పడిన స్త్రీల అనుభవాలు సేకరించి పుస్తకంగా తెచ్చింది. 1983లో థాకర్, బాంటా అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు వచ్చిన రాతలన్నీ కలిపి చూసి, అందరికీ కొయ్యడం వల్ల మేలుందనడానికి సాక్ష్యం లేదన్నారు. 1993లో అర్జెంటీనాలో 2,606 మంది కాన్పుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒక గుంపులో నూటికి 83 మందికి కోశారు, ఇంకో గుంపులో అవసరాన్ని బట్టి 30 మందికే. మలద్వారం దాకా పోయే పెద్ద చిరుగులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒక్కటే, నూటికి ఒకటీ ఒకటిన్నరా. అంటే మిగతా యాభై చిల్లర మందినీ ఊరికే కోసినట్టు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఎపిసియాటమీ చేసే అలవాటు తగదంది. 2018లో మళ్ళీ చెప్పింది. తనకి నచ్చిన భంగిమలో కననివ్వమంది. తల బయటపడే వేళ వేడినీళ్ళ గుడ్డ కాపడం పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయంది.

ఈ భంగిమ మాట విని పల్లెలో ముసలమ్మలు నవ్వారు. వాళ్ళు కన్నది గొంతుకూర్చునే, దూలానికి కట్టిన తాడు పట్టుకునే. అలాగని అదే స్వర్గమని చెప్పను. నిటారుగా ఉండి కంటే కత్తెర అవసరం తగ్గుతుంది కానీ, చిన్న చిరుగులు కొంచెం ఎక్కువే కావచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ముసలమ్మల్లోనే ఒకామె మా అమ్మలాగే నవ్వడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దంతాలు లేవని కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. నేను అడగలేదు.

ఏజెన్సీలో కాన్పు ఆసుపత్రికి మారింది ఈ ఇరవై ఏళ్ళలోనే. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, అదే ఏడాది 108 వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు 2005-06లో నూటికి 64. 2019-20 నాటికి 96 దాటాయి. ఇది చిన్న విషయం కాదు. డోలీలో మోసుకొస్తూ దారిలో పోయిన ప్రాణాల కథలు ఈ కొండలకి తెలుసు. ఆ ప్రాణాలు దక్కాలి. కానీ ఆ సర్వే పట్టికల్లో కాన్పు ఎక్కడైందో ఉంటుంది, ఎవరు చేశారో ఉంటుంది, పొట్ట కోశారో లేదో ఉంటుంది. కింద కోశారా, చిరిగిందా, కుట్టారా, మానిందా అన్న గడి లేదు. బతికితే చాలన్న లెక్కలో, ఎలా బతికింది అన్నది రాదు.

*

నా విద్యార్థిని ఒకమ్మాయి ఇంటర్ తర్వాత చరిత్ర వదిలేసి మెడిసిన్ చదివింది. ఇప్పుడు విశాఖలో స్త్రీల డాక్టరు. నా బలవంతం మీద, ఆశా కార్యకర్త తోడుతో, ఆమె దగ్గరికి ఆ తల్లిని తీసుకెళ్ళాం. పరీక్ష చేశాక డాక్టరమ్మాయి కుర్చీలో కూర్చోలేదు. రోగి కూర్చోలేదు కదా, ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఒక కాగితం వెనక పెన్నుతో గీసి చూపించింది. ఆమె తెలుగులో చెబుతుంటే ఆశా కార్యకర్త కువిలోకి మార్చింది. నా నలభై ఏళ్ళ ప్రశ్నలకి కూడా అక్కడే జవాబులు దొరికాయి. అవి రాయడమే ఈ వ్యాసం రాయడానికి కారణం.

మొదటిసారి కనేవాళ్ళలో చాలామందికి కింద ఎంతోకొంత చిరుగుతుంది. చర్మం వరకే అయితే మొదటి రకం, ఒక్కోసారి కుట్టే అక్కర్లేదు. లోపలి కండరం కూడా చిరిగితే రెండోది. కత్తెరతో పెట్టే గాటు ఈ రెండోదానితో సమానం. మలద్వారం చుట్టూ ఉండే బిగింపు కండరం తెగితే మూడోది. పేగు పొర దాకా పోతే నాలుగోది. మా అమ్మది, ఈ తల్లిదీ మూడో నాలుగో అయి ఉండాలి.

మొదటి రెండూ కాన్పు గదిలోనే కుడతారు. ముందు మత్తు సూది వెయ్యాలి, అది పట్టేదాకా ఆగాలి, నొప్పి తెలిస్తే చెప్పే హక్కు ఆమెకుంది, చెప్తే ఆపి మళ్ళీ మత్తివ్వాలి. లోపలి పొర, కండరం, చర్మం, వరసగా కుట్టుకొస్తారు. ఇప్పుడు వాడే దారం ఒంట్లోనే కరిగిపోతుంది, విప్పక్కర్లేదు. కొన్నాళ్ళకి దారప్పోగులు గుడ్డకి అంటుకుంటే భయపడక్కర్లేదు. మొదటి వారం నొప్పీ వాపూ ఉంటాయి. మామూలు నొప్పి మాత్ర వేసుకోవచ్చు, పాలివ్వడానికి ఇబ్బంది లేదు. మొదటి రెండు రోజులు చల్లటి గుడ్డ, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు సుఖంగా ఉంటాయి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. గుడ్డ తరచూ మార్చాలి. రెండు మూడు వారాల్లో చాలావరకు మానుతుంది. నీళ్ళు బాగా తాగాలి, ఆకుకూరలూ పళ్ళూ తినాలి. మలబద్ధకమే కుట్టుకి శత్రువు. ఇది విని నాకు మా పత్యం గుర్తొచ్చింది. ఇంట్లో చోడి అంబలి తాగి, ఆకుకూర తినే ఈ పల్లె ఆడది నాకన్నా నయం.

జ్వరం, చెడు వాసన, చీము, తగ్గకుండా పెరిగే నొప్పి, కుట్లు విడిపోవడం, గాలీ మలమూ ఆగకపోవడం. వీటిలో ఏదొచ్చినా ఓర్చుకోకుండా వెంటనే వెళ్ళాలి. భర్తతో కలవడం గాయం మానాక, ఆమె మనసూ ఒళ్ళూ సరేనన్నాక. దానికి తారీఖు వేసే అధికారం ఇంకెవరికీ లేదు. "మీ ఆయన కోసం ఇంకో కుట్టు వేశాం" అని నవ్వుతూ చెప్పే డాక్టర్ల సంగతి అమెరికా నుంచి అనకాపల్లి దాకా ఆడవాళ్ళు చెప్పుకుంటారు. అది వైద్యం కాదు. బిగువు అనేది కుట్టు వల్ల రాదు, గాయాన్ని మళ్ళీ గాయం చెయ్యడమే మిగులుతుంది.

మూడూ నాలుగూ రకాలు అలా కాదు. ఆపరేషన్ థియేటరులో, మంచి వెలుతురులో, నడుముకి మత్తిచ్చి, అనుభవమున్నవాళ్ళు కుట్టాలి. తెగిన కండరపు కొసలు వెతికి కలపాలి. తర్వాత యాంటీబయాటిక్స్, విరేచనం మెత్తబడే మందు, కింది కండరాలని బిగించి వదిలే వ్యాయామం. అప్పుడే గుర్తించి కుడితే నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది తిరిగేసరికి ఏ బాధా ఉండదు. గుర్తించడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. కాన్పయ్యాక మంచి దీపం వెలుగులో, ఆమెకి చెప్పి, మలద్వారంలో వేలు పెట్టి జాగ్రత్తగా చూడాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు దొరకక ఎంతమంది అమ్మలు ఎన్ని పెళ్ళిళ్ళు మానుకున్నారో.

ఈ తల్లికి ఆ రెండు నిమిషాలు దొరకలేదు. ఇక గాయపు వాపూ చీమూ పూర్తిగా తగ్గేదాకా ఆగి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ కుట్టాలంది డాక్టరమ్మాయి. ఆలస్యంగా కుట్టినదానికి మొదట్లో కుట్టినంత భరోసా ఇవ్వలేనని కూడా దాచకుండా చెప్పింది. బాగా మెరుగవుతుంది, పూర్తిగా అవునో కాదో చెప్పలేను, ఈసారి గర్భమొస్తే ముందే రా, ఎలా కనాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం అంది. ఆ "ఇద్దరం" అన్నమాట కువిలోకి ఎలా మారిందో నాకు తెలీదు కానీ, ఆ తల్లి మొదటిసారి తలెత్తి చూసింది.

అప్పుడు ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆపరేషన్ అయ్యాక నీళ్ళు మొయ్యకూడదా?

ఆరు వారాల దాకా బరువులొద్దు అంది డాక్టరు. ఆ తల్లి ఇంటికి ఊట దగ్గర నుంచి నీళ్ళు తేవాలి, అదీ ఎగువకి. కట్టెలు తేవాలి. పసుపు తవ్వే రోజులు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి సలెర్నో మందుచీటీలో తొమ్మిది రోజుల మంచం ఉంది. ఈ మందుచీటీలో ఆరు వారాలున్నాయి. రెండింట్లోనూ నీళ్ళెవరు మోస్తారో రాసి లేదు.

ఇది తేలకపోతే ఏమవుతుందో మన రాష్ట్రానికి బాగా తెలుసు. కింది కండరాలు వదులై, బరువులు మోసీ మోసీ, గర్భసంచి జారిందని ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తారు. కుట్టి సరిచేసే దారి ఉన్నచోట కూడా "సంచి తీసేస్తే పోతుంది" అన్న సలహా సులువుగా దొరుకుతుంది. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు మన రాష్ట్రంలో నూటికి దాదాపు 9 మంది. దేశంలోకెల్లా ఎక్కువ. తెగిన కండరం గర్భసంచిలో ఉండదు కాబట్టి, సంచి పోయాక కూడా ఆ బాధ అలాగే ఉంటుంది. బాగుచెయ్యడం కన్నా తీసిపారెయ్యడం తేలికైన చోట, ఒంట్లో ఏ భాగానికి విలువుందో తెలుస్తూనే ఉంది.

*

ఆపరేషన్ 2024 వేసవిలో అయింది. నీళ్ళు ఎవరు మోశారంటారా? ఆశా కార్యకర్త ఆమె మొగుణ్ణి పిలిచి, డాక్టరు గీసిన కాగితమే చూపించిందట. అతను మొదటి వారం మోశాడు. తర్వాత తోటికోడళ్ళు వంతులు వేసుకున్నారు. నాలుగో వారానికి ఆమే ఒక చిన్న బిందె ఎత్తిందని ఆశా కార్యకర్త కోపంగా ఫోను చేసి చెప్పింది.

వర్షాలు తగ్గాక మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉంది. ఎలా ఉందని అడిగితే, మలం ఆగుతోందట, గాలి మాత్రం పరుగెత్తినప్పుడు అప్పుడప్పుడు ఆగదట. ఉన్నదున్నట్టు చెప్పింది. ఇదే మా అమ్మకి దక్కి ఉంటే అని నాకు అనిపించి కాసేపు మాట రాలేదు.

ఇదంతా రాస్తానని చెప్పాను. పేరు రాయను, ఊరు రాయను అన్నాను. సరేనని, ఆమె కువిలో ఏదో అడిగింది. ఆశా కార్యకర్త పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తెలుగులోకి చెప్పమంటే సిగ్గుపడింది. బతిమాలితే చెప్పింది.

"మా మాటలో ఆ జాగాకి పేరుంది. మీ తెలుగులో ఏమంటారు, పుస్తకంలో ఏమని రాస్తారు, అని అడుగుతోంది మేడమ్."

నిఘంటువులో విటపం అని ఉంది. యోగులు మూలాధారం అంటారు. డాక్టర్లు పెరీనియం అంటారు. ఈ మూడింట్లో ఒక్కటి కూడా మా అమ్మ నోట ఎన్నడూ వినలేదు, నా నోట రాలేదు.

"కింద అంటాం" అన్నాను.

ఆమె కిందికి చూసింది. అరుగు కింద కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. అక్కడేముందన్నట్టు నా వైపు చూసింది.